చావును చూసి వచ్చినవాడి స్నానం: షింతో జలశుద్ధి గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చదువు కోసం క్యోటోకు వచ్చి రెండు నెలలైంది. జపాన్ దేశవాళీ మతమైన షింతో గుడి ముంగిట నీళ్ళతొట్టి దగ్గర అందరూ చేతులు కడుక్కుని నోరు పుక్కిలించడం చూశారు. ఇది మన ఆచమనం లాంటిదేనా, ఆ నీళ్ళు మింగాలా అని మొదటి సందేహం. జలపాతం కింద నిలబడి చేసే మిసోగిలో మనలాంటివాళ్ళు పాల్గొనవచ్చా అన్నది రెండోది. చివర్లో ఒక్క వాక్యంలో మరో మాట రాశారు. ఏప్రిల్ ఆఖరి వారంలో ఊళ్ళో మీ నాయనమ్మగారు పోయారు, మీరు వెళ్ళలేకపోయారు, మైలలో ఉండి రెండు మూడు గుళ్ళలోకి వెళ్ళి వచ్చానే, తప్పు చేశానా అని.

మీరు చివర రాసిన ఆ మాటే అన్నిటికంటే పెద్దది. దానికి నేరుగా సమాధానం చెబితే "అవును, కాదు" దగ్గర ఆగిపోతుంది. ఈ నీళ్ళ సంగతి మొదటినుంచీ చెబితే తప్ప దాని లోతు తెలియదు. జపాన్‌లో 19 ఏళ్ళుగా ఉంటున్నాను. మియె ప్రాంతంలో ఒక కొండగుడి దగ్గర ఏటా మిసోగి చేస్తున్నాను. నేర్చుకున్నది, తప్పులు చేసి దిద్దుకున్నది కలిపి రాస్తున్నాను. ఓపికగా చదవండి.

తొట్టితో మొదలుపెడతాను. చేతులు, నోరు కడుక్కునే ఆ క్రియ పేరు తెమిజు. పైకప్పుతో ఉండే ఆ చిన్న మంటపం తెమిజుయా. పొడవాటి కాడ ఉన్న ఆ గరిటె హిషాకు. కుడిచేత్తో గరిటె పట్టుకుని నిండా నీళ్ళు ముంచి ముందు ఎడమ చెయ్యి కడుక్కోవాలి. గరిటెను ఎడమచేతికి మార్చుకుని కుడి చెయ్యి కడుక్కోవాలి. మళ్ళీ కుడిచేతిలోకి తీసుకుని ఎడమ అరచేతిలో కొంచెం నీళ్ళు పోసుకుని, ఆ నీళ్ళతో చప్పుడు లేకుండా నోరు పుక్కిలించి, రెండో చేతిని అడ్డం పెట్టుకుని కింద ఉన్న కాలువలోకి వదలాలి. ఎడమ చెయ్యి మరోసారి కడుక్కోవాలి. ఆఖరున గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్ళు కాడ మీదుగా జారి, మీరు పట్టుకున్న చోటును కూడా కడుగుతాయి. అప్పుడు దాన్ని బోర్లించి పెట్టాలి. ఇదంతా ఒకే ఒక్క గరిటెడు నీళ్ళతో జరగాలి. అందుకే మొదటే నిండుగా ముంచమన్నాను. తొట్టిలోకి నీళ్ళు తిరిగి పడకూడదు, గరిటెకు నోరు తగలకూడదు, నీళ్ళు మింగకూడదు.

నేను మొదటిసారి గరిటెను నేరుగా నోటికి ఎత్తుకున్నాను. పక్కన ఉన్న ఒక పెద్దావిడ ఏమీ అనలేదు. తన పని అప్పటికే అయిపోయినా మళ్ళీ ఒక గరిటె ముంచి, నాకు కనబడేలా, ఒక్కొక్క అడుగూ నిదానంగా చేసి చూపించి, తలవంచి వెళ్ళిపోయారు. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్ళు తడబడుతుంటే నేనూ అలాగే చేస్తాను.

ఇక్కడ తెలుగువాళ్ళకు మనసొప్పని విషయం ఒకటుంది. నోట్లోకి వెళ్ళే నీళ్ళు ఎడమ అరచేతిలోంచి వెళ్తాయి. చిన్నప్పటినుంచీ ఎడమచేత్తో ప్రసాదం పట్టకూడదని, ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదని విన్న మనకు ఆ చెయ్యి నోటిదాకా రాదు. చాలామంది తెలియకుండానే చేతులు మార్చేస్తారు. షింతోలో మాత్రం ఎడమకే పెద్దపీట. సూర్యదేవత పుట్టింది ఎడమ కంటిలోంచి. ఆ కథకు ఇప్పుడే వస్తాను. అలవాటు మార్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మీరు దాన్ని అతిథి మర్యాదగా అనుకోండి, సులువవుతుంది.

ఆచమనంతో పోలిక పైకి కనిపించినంత దగ్గరిది కాదు. ఆచమనంలో నీరు లోపలికి వెళ్తుంది. కేశవ, నారాయణ, మాధవ నామాలతో మూడుసార్లు పుచ్చుకుంటాం. మంత్రంతో నీరు పవిత్రమై మనలోకి దిగుతుందన్నది అక్కడి భావం. తెమిజులో మంత్రం లేదు, నీరు లోపల ఉండదు. తగిలి వెళ్ళిపోవాలి. ఆ వెళ్ళిపోవడమే ఇక్కడ అసలు పని. అందుకే తొట్టిలో కూడా నీరు నిలవ ఉండకుండా ఒక పక్కనుంచి వస్తూ ఇంకో పక్కనుంచి పొర్లుతూ ఉంటుంది. పాతకాలంలో గుడి పక్కన పారే ఏటిలోనే దిగి కడుక్కునేవారు. ఇప్పటికీ అది చూడాలంటే ఇసె మహాలయానికి వెళ్ళండి. లోపలి ఆలయం వైపు ఉజి వంతెన దాటి కొంత దూరం నడిస్తే కుడిపక్కన ఇసుజు నదిలోకి రాతిమెట్లు దిగుతాయి. తొట్టి, గరిటె అక్కర్లేదు. వంగి నదిలోనే చేతులు పెట్టొచ్చు. అంతకుముందు రోజుల్లో ఇసె యాత్రికులు ముందుగా ఫుతమి తీరానికి పోయి సముద్రంలో మునిగి, ఆ తరవాతే ఆలయానికి నడిచేవారు. తాడుతో కలిపి కట్టిన ఆలుమగల రాళ్ళు ఉన్నది ఆ తీరంలోనే. మీరు బొమ్మల్లో చూసే ఉంటారు.

ఇప్పుడు కథ. 712లో పూర్తయిన కొజికి అనే గ్రంథంలో ఉంది. ఇజనాగి, ఇజనామి అనే దంపతులు జపాన్ దీవులను, ఎందరో దేవతలను కన్నారు. అగ్నిదేవుణ్ణి కంటూ ఇజనామి కాలిపోయి చనిపోయింది. ఇజనాగి ఆ దుఃఖం పట్టలేక మృతుల లోకమైన యోమికి వెళ్ళి, తిరిగి రమ్మని బతిమాలాడు. ఆమె తలుపు వెనక నుంచి, "ఇక్కడివాళ్ళతో మాట్లాడి వస్తాను, అంతవరకు నన్ను చూడొద్దు" అంది. ఎంతకీ రాలేదు. ఆగలేక తన దువ్వెన పళ్ళలో ఒకటి విరిచి వెలిగించి చూశాడు. భార్య ఒంటినిండా పురుగులు. భయంతో పరుగెత్తాడు. యోమి నుంచి వచ్చే దారికి పెద్ద బండ అడ్డం పెట్టి, బండకు ఇటు ఆయన, అటు ఆమె నిలబడి విడిపోయారు.

బయటపడ్డాక ఆయన చేసిన మొదటి పని స్నానం. అపవిత్రమైన చోటుకు వెళ్ళి వచ్చాను, ఈ ఒళ్ళు శుభ్రం చేసుకోవాలని హిముక ప్రాంతంలో అవగిహర అనే చోట నీళ్ళ ఒడ్డుకు వచ్చాడు. చేతికర్ర, నడికట్టు, బట్టలు ఒక్కొక్కటీ విసిరేశాడు. విసిరిన ప్రతిదాని నుంచీ ఒక దేవత. తరవాత ఆయన నీళ్ళను చూసి, పైన ప్రవాహం మరీ వడిగా ఉంది, కింద మరీ మందంగా ఉంది అనుకుని, నడిమి పాయలో దిగాడు. దేవుడైనా సరే ఏ నీళ్ళు పడితే ఆ నీళ్ళలో దూకలేదు! ఎక్కడ దిగాలో చూసుకుని దిగాడు. నేను చలికాలం మిసోగికి కొత్తవాళ్ళను తీసుకువెళ్ళినప్పుడల్లా ఈ వాక్యం చెబుతాను.

ఆ స్నానంలో ముందు పుట్టినవి మగత్సుహి అనే కీడు దేవతలు. యోమిలో అంటిన మురికిలోంచి పుట్టారు. వెంటనే ఆ కీడును సరిచేయడానికి నవోబి అనే దేవతలు పుట్టారు. నీటి అడుగున, మధ్యలో, పైన కడుక్కున్నప్పుడు సముద్రదేవతలు పుట్టారు. ఆఖరున ఎడమ కన్ను కడిగితే సూర్యదేవత అమతెరసు, కుడి కన్ను కడిగితే చంద్రుడు త్సుకుయోమి, ముక్కు కడిగితే సుసనోవో. జపాన్ పురాణంలో అత్యున్నతమైన సూర్యదేవతకు తల్లి గర్భం లేదు. చావును చూసి వచ్చిన తండ్రి ముఖం కడుక్కుంటే పుట్టింది. ఆయన స్నానం చేశాడని చెప్పే మడుగు మియజకి నగరంలో ఎద గుడి దగ్గర ఇప్పటికీ ఉంది.

గమనించండి, ఇజనాగి ఏ నేరమూ చేయలేదు. భార్యను ప్రేమించాడు, పోగొట్టుకున్నాడు, వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయనకు అంటుకున్నది పాపం కాదు, చావు. దాన్నే కెగరె అంటారు. కె అంటే బతుకులోని సత్తువ అని, కరె అంటే ఎండిపోవడమని, రెండూ కలిసి కెగరె అయిందని కొందరు పండితుల వివరణ. వ్యుత్పత్తిగా అది ఎంతవరకు నిలబడుతుందో గాని, అనుభవంగా మాత్రం నాకది సరిగ్గా అతుకుతుంది. మా నాన్న పోయిన ఏడాది నేను చేసిన తప్పేమీ లేదు. ఎండిపోయాను, అంతే. మొదటి మిసోగికి వెళ్ళింది ఆ ఏడాదే.

మన మైలకు, కెగరెకు చుట్టరికం కనబడుతుంది కదా. పురిటికీ ఉంది, చావుకూ ఉంది, నెలసరికీ ఒకప్పుడు ఉంది. అంత్యక్రియలకు వెళ్ళి వచ్చినవాళ్ళకు చిన్న ఉప్పు పొట్లం ఇవ్వడం ఇక్కడి ఆచారం. గుమ్మంలోకి అడుగుపెట్టేముందు ఒంటిమీద చల్లుకుంటారు. సుమో మల్లులు బరిలోకి ఉప్పు చల్లేదీ ఈ భావంతోనే. అయితే జోదో షిన్‌షు శాఖ బౌద్ధులు ఆ ఉప్పును ఒప్పుకోరు. చనిపోయినవారు అపవిత్రులెలా అవుతారన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదని నేను నమ్ముతాను. ఈ భావనకున్న చీకటి పక్క కూడా చెప్పకపోతే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. చచ్చిన పశువులను తీసేవారిని, తోలుపని చేసేవారిని కెగరె పేరుతోనే శతాబ్దాల పాటు ఊరికి దూరంగా ఉంచారు. 1871లో ప్రభుత్వం ఆ హీన హోదాను చట్టపరంగా రద్దు చేసినా, పెళ్ళిళ్ళలో, ఉద్యోగాల్లో వివక్ష ఆ తరవాత కూడా సాగింది. మన దగ్గర అంటరానితనం ఎలా పనిచేసిందో తెలిసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. నీళ్ళతో వదలవలసిన దాన్ని కొందరి ఒంటికి శాశ్వతంగా అంటగట్టారు. ఈ ఆచారం లోపలి తర్కానికే అది ద్రోహమని నా అభిప్రాయం. ఎందుకంటే ఇక్కడ ఏ మాలిన్యమూ నిలవ ఉండకూడదు. అది ఎక్కడికి పోతుందో చెప్పే ప్రార్థనే ఒకటుంది.

ఆ ప్రార్థన పేరు ఓహరాయె నో కొతొబ, అంటే మహాశుద్ధి వాక్కు. 927లో కూర్చిన ఎంగిషికి అనే శాసన సంహితలో దాని పాత పాఠం ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఆరో నెల చివరి రోజున, పన్నెండో నెల చివరి రోజున, దేశం మొత్తానికీ అంటిన దోషాలను వదిలించడానికి రాజధానిలో చదివేవారు. ఆ దోషాల పట్టిక చదివి నేను మొదటిసారి పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. స్వర్గపు దోషాలంటూ మొదలుపెట్టి వరుసగా ఏమున్నాయంటే: మడి గట్లు తెంచడం, కాలువలు పూడ్చడం, తూములు తెరిచేయడం, ఒకరు విత్తిన పొలంలో మళ్ళీ విత్తడం. గోదావరి డెల్టాలో పుట్టినవాణ్ణి, మా తాత నోట విన్న తగవులన్నీ ఇవే! వరి పండించే జనం దేవుడి ముందు ఒప్పుకోవలసిన మొదటి తప్పు నీటి దారి చెడగొట్టడం. ఇక భూలోకపు దోషాల పట్టికలో మనిషి చేసిన తప్పులతో పాటు చర్మవ్యాధులు, పురుగుల వల్ల వచ్చిన ఆపద, పిడుగుపాటు కూడా ఉన్నాయి. పిడుగు పడితే అది పడినవాడి తప్పా? కాదు. అయినా అది కూడా కడగవలసినదే. ఈ దోషాలకు జపనీయంలో వాడే త్సుమి అనే మాటను పాపం అని అనువదిస్తే ఈ సంగతి జారిపోతుంది. ఇప్పుడు గుళ్ళలో చదివే పాఠంలో ఈ పట్టిక తీసేశారు. నాకు అది లోటుగానే అనిపిస్తుంది.

ఆ తరవాతి భాగం మాత్రం ఇప్పటికీ చదువుతారు. దోషాలను నలుగురు దేవతలు ఒకరి తరవాత ఒకరు అందుకుంటారు. కొండల మీదనుంచి దూకే వాగుల్లో ఉండే సెవోరిత్సు హిమె వాటిని తీసుకుని సముద్రానికి చేరుస్తుంది. ఎన్నో ఉప్పునీటి ప్రవాహాలు కలిసే చోట ఉండే హయాకిత్సు హిమె వాటిని గటగటా మింగేస్తుంది. గాలిదేవుడు ఇబుకిదో నుషి వాటిని పాతాళంలోకి ఊదేస్తాడు. అక్కడ హయసాసురా హిమె వాటిని పట్టుకుని తిరుగుతూ తిరుగుతూ ఎక్కడో పోగొట్టేస్తుంది. శిక్ష లేదు, క్షమాపణ లేదు, లెక్కాచారం లేదు. వాగు, సముద్రం, గాలి, మరుపు. ఆఖరి దేవత చేసే పని పోగొట్టడం! ఇంత గొప్ప ఊహ నేను ఇంకెక్కడా చదవలేదు. జపనీయులు పాత కక్షలు మరిచిపోవడాన్ని "మిజు ని నగసు" అంటారు, నీళ్ళలో వదిలెయ్యడమని అర్థం. మనం ఆశ వదిలేసుకున్నప్పుడు నీళ్ళొదులుకున్నామంటాం. అక్కడ నీళ్ళు వదిలితే చెయ్యి ఖాళీ అవుతుంది. ఇక్కడ ఒళ్ళు తేలికవుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మిసోగి అంటే ఒళ్ళంతా నీటిలో శుద్ధి చేసుకోవడం. నదిలో, సముద్రంలో, జలపాతం కింద, కొన్నిచోట్ల గుడి ఆవరణలోనే బాల్చీలతో పోసుకుని కూడా చేస్తారు. ఇవాళ గుళ్ళలో నేర్పే పద్ధతికి చాలావరకు రూపం ఇచ్చింది కవాత్సురా బోన్జి అనే ఆయన, 1862లో పుట్టి 1929లో పోయారు. నీళ్ళలో దిగే ముందు చేసే వ్యాయామాలను ఆయన ఒక క్రమంలో పెట్టారు. ఫురితమ అంటే బొడ్డు ముందు రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి, మధ్యలో గుడ్డు పట్టేంత ఖాళీతో ఉంచి కదపడం. తోరిఫునె అంటే నిలబడి తెడ్డు వేస్తున్నట్టు అరుస్తూ ఒళ్ళంతా ఊపడం. ఆ తరవాత గట్టి కేకలు, దీర్ఘమైన శ్వాసలు. చూసేవారికి వింతగా ఉండొచ్చు. చలిలో ఒళ్ళు వేడెక్కించి, ఊపిరిని అదుపులోకి తెచ్చుకోకుండా నీళ్ళలో దిగితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు కూర్చిన క్రమం అది.

జలపాతం కింద నిలబడి చదివేవాటిలో "రొక్కొన్ షోజో" అనే మాట వినిపిస్తుంది. ఆరు మూలాలు శుద్ధి కావాలని. ఆ ఆరు ఏమిటంటే కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్ళు, మనసు. మన బౌద్ధం లెక్కించిన ఆరు ఇంద్రియాలే. చైనా, కొరియాల మీదుగా ఇక్కడికి వచ్చి, కొండల్లో తపస్సు చేసే షుగెన్‌దో సాధువుల నోటినుంచి షింతో జలపాతాల దాకా చేరాయి. జలపాత సాధన ఎక్కువగా వారి సొత్తు. షింతో, బౌద్ధం అక్కడ విడదీయలేనంతగా కలిసిపోయాయి. ఇంకో చుట్టరికం కూడా ఉంది. టోక్యోలో గర్భిణులు సుఖప్రసవం కోసం వెళ్ళే సుయితెన్‌గు గుడి పేరులోని సుయితెన్ మన వరుణుడే. కమకురాలో కొండగుహ ఊటనీటిలో జనం డబ్బులు కడుక్కునే గుడి పేరులోని బెంతెన్ మన సరస్వతి. కాబట్టి "మనలాంటివాళ్ళు పాల్గొనవచ్చా" అని మీరు సంకోచించనక్కర్లేదు. సామాన్యులకు మిసోగి శిక్షణ ఇచ్చే గుళ్ళు మతం అడగవు, మర్యాద అడుగుతాయి. ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. మగవాళ్ళకు గోచీ, తలకట్టు, ఆడవాళ్ళకు తెల్లని వస్త్రం.

మీకు గుండెజబ్బు, రక్తపోటు, మూర్ఛ ఉంటే వద్దు. గర్భవతులకు వద్దు. మందు తాగి వద్దే వద్దు. చల్లటి నీళ్ళు తగలగానే మన ప్రమేయం లేకుండా ఊపిరి ఒక్కసారి లోపలికి లాగుతుంది. ఆ క్షణంలో ముఖం నీళ్ళలో ఉంటే ప్రమాదం, గుండె కూడా ఒక్కసారిగా ఒత్తిడికి లోనవుతుంది. అందుకే ముందు చేతులు, కాళ్ళు, ఛాతీ తడుపుకుని, ఊపిరి వదులుతూ లోపలికి వెళ్ళాలి. వాన పడ్డ మర్నాడు జలపాతాల దగ్గరికి పోవద్దు. నీటితో పాటు రాళ్ళు, కొమ్మలు పడతాయి. వీడియోలు చూసి ఒంటరిగా వెళ్ళడం ఎప్పుడూ చేయవద్దు. మొదటిసారి నేను నీళ్ళలో ఉన్నది ఒక నిమిషం కూడా ఉండదు. నా పక్కన నిలబడ్డ పూజారి నా భుజం తట్టి బయటికి పంపేశారు. అప్పుడు చిన్నబోయాను. ఇప్పుడు కొత్తవాళ్ళను నేనూ అంతే త్వరగా పంపేస్తాను. ఎక్కువసేపు నిలబడితే ఎక్కువ శుద్ధి అన్న లెక్క ఈ ఆచారంలో ఎక్కడా లేదు.

చూడటానికి మాత్రం ఎక్కడికైనా వెళ్ళండి. హొక్కయిదో దీవిలోని కికొనయి అనే ఊళ్ళో 1831 నుంచి ప్రతి జనవరిలో నలుగురు యువకులు గుడిలోనే బస చేసి, రాత్రీపగలూ చన్నీళ్ళు పోసుకుని, 15వ తేదీన దేవతామూర్తులను ఎత్తుకుని గడ్డకట్టే సముద్రంలోకి దిగి కడుగుతారు. అక్కడ శుద్ధి అయ్యేది దేవుడు! మనుషులు ముందు తమను కడుక్కుని, ఆ తరవాత ఆయన్ను కడుగుతారు. క్యోటోలో గియోన్ ఉత్సవంలో జులై 10న దేవుడి పల్లకీని షిజో వంతెన మీదికి తెచ్చి కమో నది నీళ్ళు చల్లేదీ అందుకే. ఇక చూడటానికి వీలులేనిది ఒకినోషిమ. ఫుకువొక ప్రాంతపు సముద్రంలో దూరంగా ఉన్న ఆ దీవిలో మునకత ఆలయ పూజారి ఒకరు వంతులవారీగా ఉంటారు. ఒడ్డున అడుగుపెట్టాలంటే ఎవరైనా సముద్రంలో మునగాల్సిందే. 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాక, 2018 నుంచి మామూలు సందర్శకులను పూర్తిగా ఆపేశారు. అంతకుముందు ఏడాదికొక్కరోజు కొద్దిమంది మగవాళ్ళకు అనుమతి ఉండేది. ఆడవాళ్ళకు ఎన్నడూ లేదు.

మీరు చూసిన తొట్టిలో గరిటె లేకపోతే కంగారుపడకండి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు గరిటెలు తీసేసి, వెదురు గొట్టానికి రంధ్రాలు చేసి నీళ్ళు ధారగా పడే ఏర్పాటు చాలా గుళ్ళలో చేశారు. కొన్నిచోట్ల అదే ఉండిపోయింది. ధార కింద ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడుక్కోండి, చాలు. నోరు పుక్కిలించలేకపోతే వదిలేయొచ్చు. తొట్టినిండా పూలు తేలుతుంటే ఆ నీళ్ళు చూడటానికి, ముంచడానికి కాదు.

ఇక మీ నాయనమ్మగారి సంగతి.

ఇక్కడి ఆచారం ప్రకారం దగ్గరివాళ్ళు పోయినప్పుడు కొంతకాలం షింతో గుడి తోరణం దాటి లోపలికి వెళ్ళరు. ఎక్కువమంది పాటించే గడువు 50 రోజులు. తల్లిదండ్రులు, భార్యాభర్తల విషయంలో అది పూర్తిగా, తాత, నాయనమ్మల విషయంలో అంతకంటే తక్కువ అని పాత లెక్కలు. బౌద్ధాలయాలకు ఈ పట్టింపు లేదు. మీరు ఈలోగా అక్కడికి వెళ్ళి ఆవిడ పేరున ఒక అగరువత్తి వెలిగించవచ్చు. తెలియక గుళ్ళలోకి వెళ్ళినందుకు మీరు ఏ దేవుడికీ బాకీపడలేదు. ఆ గడువు మీమీద శిక్ష కాదని ఇజనాగి కథ విన్నాక మీకే తెలుస్తుంది. చావును చూసినవాడు, అది దూరంనుంచి ఫోనులో చూసినా సరే, కొన్నాళ్ళు పండగల మధ్యకు రానక్కర్లేదని, తన దుఃఖంతో తాను ఉండవచ్చని ఇచ్చిన వెసులుబాటుగా నేను దాన్ని చూస్తాను.

మీరు 50 రోజులూ పూర్తిగా పాటించినా అవి జూన్ మధ్యలో పూర్తవుతాయి. జూన్ 30న నాగోషి నో హరాయె. ఎంగిషికిలో చెప్పిన ఆరో నెల మహాశుద్ధి ఇవాళ్టికీ ఆ పేరుతో నడుస్తోంది. గుళ్ళముందు గడ్డితో పేనిన మనిషికంటే ఎత్తైన చక్రం నిలబెడతారు. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు తిరుగుతూ మూడుసార్లు దానిలోంచి నడవాలి. అవును, ఇక్కడా ఎడమే ముందు. ఊళ్ళో మిఠాయి దుకాణాల్లో మినజుకి అనే తెల్లని మూడుకోణాల మిఠాయి పెడతారు, పైన ఎర్ర చిక్కుడుగింజలుంటాయి. అది తినండి. రాత్రికి కమిగామో గుడికి వెళ్ళండి. మనిషి ఆకారంలో కత్తిరించిన కాగితం ఇస్తారు, దాని పేరు హితోగత. దానిమీద పేరు, వయసు రాసి, ఒంటికి రాసుకుని, మూడుసార్లు ఊపిరి ఊది, కొద్దిపాటి కానుకతో గుడివారికి అప్పగించాలి. మీ నాయనమ్మగారి పేరు రాయకండి. ఆ కాగితం బతికి ఉన్నవాళ్ళ కోసం. మీ పేరు రాయండి.

చీకటి పడ్డాక కాగడాల వెలుగులో పూజారులు మహాశుద్ధి వాక్కు చదువుతూ, ఆ కాగితాలను నీటి మీద కట్టిన మంటపం నుంచి నారా నో ఒగవ అనే చిన్న వాగులోకి వదులుతారు. సెవోరిత్సు హిమె పేరు వినబడినప్పుడు నీళ్ళవైపు చూడండి. ఈ ఏడు నేనూ వస్తున్నాను. మంటపానికి దిగువ గట్టున నిలబడితే జనం తక్కువ, కాగితాలు మీ ముందునుంచే పోతాయి.